ఆరు గంటల గాలి

పోయిన వారం గురువమ్మను మేనత్త ఇంటి గేటు దగ్గర నిలబెట్టి మనం మన పనులకు వెళ్లిపోయాం. ఏడు రోజులుగా పాపం ఆమె ఆ గేటు పట్టుకునే నిలబడి ఉంది. భుజానికి సంచి, సంచిలో రెండు థర్మామీటర్లు, చేతి గడియారంలో నాలుగూ ముప్పావు. ఎదురుగా పెరట్లో అత్త మునివెంకటమ్మ గాలి కొలిచే స్తంభం పక్కన నిలబడి, నోటుబుక్కులో ఆ రోజు తేదీ వేసి, వేళ అన్న గడిలో 'ఆరు' అని రాస్తోంది. అది చూసి గురువమ్మ గుండె ఆగిపోయినంత పనైందని రాసి ముగించాను. ఆగలేదు లెండి. కొట్టుకుంటూనే ఉంది, కాస్త ఎక్కువగానే.

మధ్యలో వచ్చి చేరిన వాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను, పాతవాళ్లు ఓపిక పట్టండి. బంగారు గనుల్లో బంగారం తీసేశాక మిగిలిన రాతిపొడిని పోసి పోసి కొండలు చేశారు. జనం వాటిని సైనైడ్ దిబ్బలంటారు. ఎండాకాలం గాలి లేస్తే ఆ పొడి ఎటు పోతే అటు వాళ్లకు దగ్గు. రిటైరైన గని కార్మికులు నూట అరవై మంది సంఘం పెట్టుకుని, దిబ్బలకు పడమట ఉన్న దిన్నె మీద ఇళ్ల స్థలాలు అడిగారు. పొడి అటు రాదని ఎవరైనా లెక్కగట్టి చెబితేనే ఇస్తామన్నారు పైవాళ్లు. ఆ లెక్క వేసింది మన గురువమ్మ. గని కార్మికుల క్వార్టర్ల లైన్లలో పుట్టి, బెంగళూరులో గాలుల మీద పరిశోధన చేసే ఉద్యోగం సంపాదించిన పిల్ల. ఆమె తండ్రి హనుమప్ప ఆ నూట అరవై మందిలో ఒకడు.

ఆమెకు పని నేర్పిన నంజుండప్ప సారు ఆరేళ్లు కార్వార్ కోస్తాలో కూర్చుని, సముద్రపు గాలి ఒడ్డునే ఉన్న కొండలు ఎక్కడాన్ని కొలిచిన మనిషి. ఆయన ఆమెకు చెప్పింది ఒకటే. "మధ్యాహ్నపు గాలి ఎవరికైనా దొరుకుతుందమ్మా. సాయంత్రం ఆరింటి గాలిని పట్టుకో. మద్రాసు వైపు సముద్రపు గాలి కనుమ ఎక్కి మీ వైపు వస్తే, వచ్చేది అప్పుడే." అందుకే కనుమ అంచున ఉన్న కామసముద్రంలో, అత్త పెరట్లో, స్తంభం పాతించింది. దిబ్బల దగ్గర ఇంకోటి ఉంది కానీ దాన్ని చూసే గుమాస్తా ఐదు కొట్టగానే సైకిలెక్కుతాడు. ఆరింటి గాలికి సాక్ష్యం అత్త నోటుబుక్కు ఒక్కటే. ఏడాది పొడుగునా అది పడమటి గాలి అనే చెప్పింది. బెంగళూరు కంప్యూటరు దాన్ని నమ్మి, పొడంతా తూర్పున బీడు మీదికి పోతుందనీ, పడమటి దిన్నెకు భయం లేదనీ చెప్పింది. రిపోర్టు చేరిపోయింది. రేపు పొద్దున పది గంటలకు మీటింగు. ఆలోగా గురువమ్మ వెళ్లి కాదనకపోతే అదే ఖాయం, చీట్లు తీసి స్థలాలు పంచేస్తారు. సాయంత్రం ఆరింటికి కూడా అత్త అంకెల్లో నాలుగున్నర ఎండే కనబడటంతో అనుమానం వచ్చి, చివరి నిమిషంలో పరిగెత్తుకొచ్చింది.

ఇక గేటు తీద్దాం.

"అత్తా."

మునివెంకటమ్మ ఉలిక్కిపడలేదు. ఆమెకు ఉలిక్కిపడే తీరిక ఎప్పుడూ లేదు. "వచ్చినావా పాపా! గేటు ఏసేయి, దూడ బయటికి పోతాది."

"టైమెంతత్తా ఇప్పుడు?"

"ఐదు కాలేదు ఇంగా. ఏమి?"

"పుస్తకంలో ఆరని రాసినావే?"

"ఆరుకే గదా రాయమన్నావు నువ్వు!" అంది అత్త, అంతకంటే తేలికైన ప్రశ్న తన జన్మలో ఎవరూ అడగనట్టు. "ఆరుకి నేను పాల డైరీ కాడుంటాను. ఐదుకి పాలు పిండల్ల, ఐదున్నరకి క్యాను ఎత్తుకోని నడవల్ల, ఆరుకి లైన్లో నిలబడల్ల. ఆరున్నరకి లారీ వచ్చి పోతాది. పోతే ఆ పాలు నేను నెత్తిన పోసుకోవల్లనా? నీ గాలి వచ్చిందాకా ఆవు నిలబడతాదా?"

"ఎన్నాళ్లనుంచి ఇట్ల?"

"మొదట్నుంచీ."

గురువమ్మ స్తంభాన్ని పట్టుకుంది. ఇనుము చెయ్యి కాల్చింది. వదల్లేదు.

"నాకు ఒక్క మాట చెప్పల్ల గదా అత్తా!"

"చెప్తే ఏమంటావు నువ్వు? మొదటి నెల ఒకనాడు గడి కాళీగా ఇడిచిపెడితే ఎంత గలాటె చేసినావు, మర్చిపోతివా? ఒక్క గడి కాళీ ఉంటే పుస్తకమంతా చెత్తబుట్టకే అన్నావు. మా పాప పేరు చెడిపోతాదని ఆ పొద్దునుంచి ఒక్క గడి కాళీ పెట్టలేదు నేను. జరమొచ్చిన పొద్దు కూడా లేచి రాసినాను. ఇంగ గంట ముందర రాస్తే ఏమి? గాలి గాలే గదా."

గురువమ్మకు కోపం వచ్చింది. ఎవరి మీదనో తేలక ఇంకా వచ్చింది. గడి ఖాళీగా ఉంచకూడదని తనే బెదిరించింది. ఆరింటికి అత్త ఎక్కడ ఉంటుందో అడగాలని మాత్రం ఎమ్మెస్సీ చదివిన ఈ తల్లికి తోచలేదు. ఈ ఊళ్లో ఆవున్న ప్రతి ఆడమనిషీ ఆరింటికి డైరీ ముందరే ఉంటుంది. చిన్నప్పుడు సెలవులకు వచ్చి తనూ ఆ లైన్లో అత్త కొంగు పట్టుకుని నిలబడ్డదే. తెలిసిన సంగతే తెలియకుండా పోతే ఇక చదువెందుకు?

అత్త పాలు పిండి, క్యాను నెత్తికెత్తుకుని వెళ్లింది. పోతూ పోతూ, పురుగులింట్లోకి పిల్లి దూరకుండా చూడమని పురమాయించింది. పురుగులిల్లంటే పెరటి చివర కట్టిన పొడుగాటి గది. రేకుల కప్పు, లోపల అరల నిండా తట్టలు, తట్టల నిండా పట్టుపురుగులు. ఈసారి పంట బాగా వచ్చింది. సగం పురుగులు పండి, మేత మాని, గూడు కట్టడానికి చోటు వెతుక్కుంటున్నాయి.

గురువమ్మ థర్మామీటరుకు తడిగుడ్డ చుట్టి, పది నిమిషాలకోసారి కొలవడం మొదలుపెట్టింది. ఐదు పదికి పడమటి గాలి, సెగ కొడుతూ. ఐదున్నరకూ అదే. ఐదు నలభైకి నెమ్మదించింది. ఐదు యాభైకి స్తంభం మీద తిరిగే గిన్నెలు పూర్తిగా ఆగిపోయాయి. చింతాకు కూడా కదల్లేదు. దూడ తోక ఆడించడం మానేసి నిలబడింది. గాలి ఇంక రాదేమో అనుకుని గురువమ్మకు ప్రాణం లేచొచ్చింది. రాకపోతే అత్త చేసిన తప్పు తప్పే కాదు. రిపోర్టు నిలబడుతుంది, నాయనకు ఇల్లొస్తుంది, తను రాత్రి బస్సుకు బెంగళూరు పోవచ్చు.

ఆరూ ఐదుకి దిక్కు చూపే రేకు కొంచెం వణికింది. ఒకసారి ఇటు, ఒకసారి అటు ఊగి, మెల్లగా గుండ్రంగా తిరిగి, ముక్కు తూర్పుకు పెట్టి నిలిచింది. గిన్నెలు మళ్లీ తిరగసాగాయి. మొదట బద్ధకంగా, తర్వాత చకచకా. తూర్పున కొండల సందులోంచి చల్లటి తడిగాలి వచ్చి ఆమె ముఖానికి కొట్టింది. అచ్చంగా సముద్రపు గాలే అంటే నంజుండప్ప సారు ఒప్పుకోడు. ఎండంతా తాగిన కొండ మీది నేల కింది గాలిని పైకి లాగుతుందనీ, దాని వెనకే సముద్రపు తడి ఎక్కివస్తుందనీ బోర్డు మీద బాణాలు గీసి చూపిస్తాడు. ఆ బాణాలన్నీ ఇప్పుడు గురువమ్మ చెంపల మీద ఉన్నాయి. వేడి పది నిమిషాల్లో నాలుగు డిగ్రీలు పడిపోయింది. ఏడాదిగా కాగితాల్లో వెతికిన గాలి దొరికితే ముందు సంతోషమే వచ్చిందామెకు, సిగ్గుపడాల్సినంత సంతోషం. నాయన ఆ తర్వాత గుర్తొచ్చాడు.

ఈ గాలి ఇంకో గంటకు దిబ్బల దగ్గరికి చేరుతుంది. ఎండాకాలమంతా రోజూ ఇదే వేళకు వస్తున్నట్టయితే, రోజూ ఏడింటికల్లా పొడి లేచి, పడమటి దిన్నె మీద, రేపు చీట్లు తీయబోయే నూట అరవై ఇళ్ల మీద దిగుతుంది.

ఖాళీ క్యాను మోగించుకుంటూ అత్త పరుగున వచ్చింది. "కిటికీలు మే! కిటికీలు మూసినావా లేదా?" అంటూ సీదా పురుగులింట్లోకి దూరి, తూర్పు వైపు చెక్క రెక్కలు ధన్ ధన్‌మని వేసింది. గురువమ్మ వెనకే వెళ్లింది.

"ఎందుకత్తా మూసేది?"

"ఈ తడి ఈరగాలికి. పండిన పురుగుకి ఇది తగిలితే సున్నకట్టు వస్తాది. సున్నం గడ్డ మాదిరి బిర్రబిగుసుకోని చస్తాది. నెల పొద్దులు కంటికి రెప్ప ఏయకుండా సాకినాను. ఊరంతా ఈ టయానికి మూసేస్తారు, చూడు పోయి."

"ఈ గాలి రోజూ వస్తాదా?"

"ఎండాకాలమంతా. మా అవ్వ కాలంనుంచీ."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"నువ్వు యాడ అడిగినావు పాపా?" అత్త నిజంగానే ఆశ్చర్యపోయింది. "వేళ, వేడి, తడి, దిక్కు అని గడులు గీసిచ్చినావు. కిటికీ మూసేదానికి గడి పెట్టలేదు గదా నువ్వు."

ఊరు ఊరంతా రోజూ లేచి తలుపేసే గాలి. ఆ ఊళ్లో కూర్చుని ఏడాదిపాటు రాసిన నోటుబుక్కులో అది ఒక్కరోజు కూడా లేదు. గురువమ్మకు ఏడుపు రాలేదు, నవ్వు వచ్చింది. అది మంచి నవ్వు కాదు.

"ఏందిది... ఇద్దురూ తలుపు ఎనక... గుసగుసలు?"

గుమ్మంలో హనుమప్ప. మనిషి పొడుగు, ఒంట్లో మాత్రం ఏమీ మిగల్లేదు. ముప్పై ఏళ్లు భూమి కింద రాయి తొలిచినవాడు. ఊపిరి నాలుగు మాటలకు మించి అందదు. అందుకే ఆయన మాటలు ఎప్పుడూ ముక్కలుగా వస్తాయి. మెడలో ఎర్ర టువ్వాల, చేతిలో అరటిపళ్ల సంచి. సాయంత్రం రైలుకు దిగి, స్టేషనునుంచి ఆగి ఆగి నడిచొచ్చాడు.

"రేపు చీటీ... నువ్వు తియ్యల్ల మునెంకటమ్మా. ఆడబిడ్డ చెయ్యి మంచిది. మూల సైటు వస్తే... ఏపచెట్టు ఏసుకోవచ్చు."

"నాయనా," అంది గురువమ్మ. "రేపు చీట్లు వద్దు."

ఒక్క గుక్కలో చెప్పేసింది. అత్త రాసింది ఆరింటి గాలి కాదు, నాలుగూ ముప్పావు గాలి. ఆరింటికి గాలి తిరుగుతుంది. ఇప్పుడే కొలిచాను, ఇదిగో కాగితం. పొడంతా దిన్నె మీదే పడుతుంది. నా లెక్క తప్పు. రేపు పదింటికి వెళ్లి ఆ మాట చెప్పాలి.

నాయన ముఖం పాలిపోతుందని ఆమె అనుకుంది. మీరూ అనుకునే ఉంటారు. పాలిపోలేదు. ఆయన వంగి, తట్టలోంచి కింద పడ్డ పురుగునొకదాన్ని రెండు వేళ్లతో తీసి, ఆకు మీద పెట్టాడు.

"తెలుసమ్మా," అన్నాడు.

"ఏమి తెలుసు?"

"గాలి తిరిగేది. పగటి షిఫ్టు లేటయి... పైకొచ్చినామంటే చూస్తా ఉంటిమి. పొడంతా పడమటికి... పొగ మాదిరి. టువ్వాల మూతికి కట్టకుండా... ఆ దిన్నె దాటినోడు లేడు మాలో."

గురువమ్మ ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"మరి ఆ దిన్నెనే ఎందుకడిగినారు నాయనా?"

"ఇంగేది ఇస్తారు పాపా? అడిగినవన్నీ... లేదన్నారు."

"సంఘంలో అందరికీ తెలుసునా?"

"దొడ్డప్పకి తెలుసు. ఓబలప్పకి తెలుసు. నూట అరవై మందికీ... తెలుసు. ఎవురూ నోరు తెరిచి అనలేదు. లెక్క మాత్రం... మా బిడ్డ చేత ఏయించండి అన్నాము."

గురువమ్మ చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. ఆ రోజు సంఘం పెద్దలు పూలదండతో బెంగళూరు వచ్చి, మన లైన్లలో పుట్టిన పిల్ల, మన గౌరవం అంటే ఆమె పొంగిపోయింది. వారం రోజులు ఆ దండను మేకుకు తగిలించుకుని చూసుకుంది కూడా.

"నేను తప్పు చేస్తానని నన్ను పెట్టినారా?"

"కాదమ్మా! నువ్వు కరెక్టుగానే చేస్తావని... అందరమూ అనుకొన్నాము. కరెక్టుగా వస్తే... మా కర్మ. అయితే తప్పుగా వచ్చింది. దేవుడిచ్చినాడని... నోరెత్తకుండా సుమ్మనే ఉండిపోయినాము."

"నాయనా, ఆ ఇండ్లల్లో పిల్లోళ్లుంటారు. పదేండ్లకే నీ మాదిరి దగ్గుతారు."

"నెలాఖరుకి క్వార్ట్రసు... కాళీ చెయ్యల్ల. అందురమూ. యాడికి పోవల్ల? రోడ్డు మీదుంటే... దగ్గు రాదా ఆ పిల్లోళ్లకి?" హనుమప్ప అరను పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. "ఇల్లుంటే... తలుపేసుకోవచ్చు. మీ అత్త పురుగులకి... మూసుకోలేదా? మేమూ ఆ గంట సేపు... మూసుకొంటాము."

"పురుగులు నెలకి గూడు కట్టేస్తాయి. మనుషులు అదే ఇంట్లో ఉండిపోతారు గదా నాయనా."

కూతురు ఆయన ముఖం చూడలేక అత్త వైపు చూసింది. అత్త తన చేతుల వైపు చూసుకుంటోంది. ఏడాదిపాటు గడులు నింపిన చేతులవి. "నేను నీ కోసరమే రాసినానే పాపా," అంది నెమ్మదిగా, ఎవరూ ఏమీ అనకుండానే.

ఇక్కడ నేనెవరి పక్షమో తేల్చమని ఉత్తరాలు రాయకండి. గురువమ్మ చెప్పింది నిజం. హనుమప్పకు ఇల్లు లేదన్నదీ నిజమే. రెండు నిజాల మధ్య ఇరుక్కున్న వాళ్లకు తీర్పులు చెప్పడం కుర్చీలో కూర్చున్న వాళ్లకు సులువు. ఆ గదిలో కుర్చీ లేదు.

"కాగితం ఏదీ... చూపించు," అన్నాడు హనుమప్ప.

ఇచ్చింది. ఆయన కళ్లజోడు లేకుండా దాన్ని దూరంగా పట్టుకుని చూసి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అత్త అరమీద పెట్టుకునే నోటుబుక్కు కూడా తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. అంతలో దగ్గు తెర వచ్చింది. "ఆకు వాసన... పడలేదు," అంటూ గుమ్మం దాటాడు. తలుపు దగ్గరికి పడింది. గొలుసు గలగలమంది. దానికి వేలాడే తాళం కప్ప నొక్కిన చప్పుడు టక్కున వినిపించింది.

గురువమ్మకు అర్థం కాలేదు. "నాయనా, గొలుసు పడిపోయింది చూడు," అంది.

"పడలేదమ్మా. నేనే... ఏసినా."

అత్త రెండు అంగల్లో తలుపు చేరింది. రెండు చేతులతో బాదింది. "అన్నా! నీకేమన్నా పిచ్చి పట్టిందా? తియ్యి!"

"నీళ్లకుండ లోపల్నే ఉండాది. అరటిపండ్లు... ఆడనే పెట్టినా, తినండి. రేపు పది కొట్టినాక... నేనే తీస్తా. అంతదాకా ఈడనే... మెట్టు మీద కూచోనుంటా. ఎంత తిట్టుకోవల్లంటే... అంత తిట్టుకోండి."

"పొద్దున పాలెవురు పిండుతారు?"

"ఒక్క పూట... దూడ తాగనీ."

మునివెంకటమ్మ తలుపు బాదడం ఆపింది. వేరే ఎవరైనా అయితే కేకలు పెట్టి ఊరిని లేపేవాళ్లు. అత్త ఇల్లే ఊరికి దూరంగా, పొలం గట్టు మీద ఉంది, అరిచినా వినేవాళ్లు తక్కువే. వినేవాళ్లున్నా ఆమె అరవదు. సొంత అన్న తనను గదిలో పెట్టి తాళం వేశాడని పొలాల మీదుగా ఎలా అరుస్తుంది? ఆమె వెళ్లి గోడకు ఆనుకుని కూర్చుంది.

గురువమ్మ గది చుట్టూ చూసింది. ఇటు చివరినుంచి అటు చివరికి పదహారు అంగలు. తలుపొకటే. కిటికీలు నాలుగు. వాటికి ఇనుప ఊచలు, ఊచలకు బిగించి ఈగ దూరకుండా నైలాను వల, వల ఇవతల చెక్క రెక్కలు. వేళ్లు కూడా బయటికి పెట్టే వీల్లేదు. పైన రేకులు పగటి వేడంతా కిందికి కక్కుతున్నాయి. ఆకు వాసన, పురుగుల వాసన, మూసిన గది ఉక్క. రెక్క తీస్తే గాలి ఆడుతుంది, అయితే ఆ గాలికే మూసింది. నంజుండప్ప సారు ఈ ప్రయోగం ఎప్పుడూ చెయ్యలేదు. గాలిని కొలవడానికి వచ్చిన మనిషి గాలి రాని గదిలో కూర్చుని ఉంది.

మెట్టు మీద హనుమప్ప దగ్గుతున్నాడు. మొదట అలవాటైన దగ్గే. చిన్నప్పుడు గురువమ్మ ఆ దగ్గు వింటూనే నిద్రపోయేది, వినిపిస్తే నాయన ఇంట్లో ఉన్నాడని ధైర్యం. కానీ తడిగాలి ఆయనకు ఎదురుగా కొడుతోంది. మెట్టు తూర్పు ముఖంగా ఉంది. దగ్గుకూ దగ్గుకూ మధ్య ఎడం తగ్గుతూ వచ్చింది. ఊపిరి లాగుతుంటే ఈల మోగినట్టు సన్నటి చప్పుడు మొదలైంది.

"నాయనా, లోపలికి రా," అంది గురువమ్మ తలుపుకు నోరు ఆనించి. "తాళం తీసి నువ్వు కూడా లోపల కూచో. నేను యాడికీ పోను."

"పోతావమ్మా," అన్నాడు హనుమప్ప. "నా బిడ్డవి... నాకు తెలవదా?"

మళ్లీ తెర వచ్చింది. ఈసారి చాలాసేపు తగ్గలేదు. తర్వాత ఒక్కసారిగా తెగింది. ఇద్దరు ఆడవాళ్లూ చెవులు రిక్కించారు. పురుగులు ఆకు కొరుకుతున్నాయి, దూడ గిట్ట నేలకు కొట్టింది, బయట గాలి రేకుల అంచును లేపి దింపుతోంది.

"అన్నా," అని పిలిచింది మునివెంకటమ్మ.

పలకలేదు.

"నాయనా!"

పలకలేదు.

మునివెంకటమ్మ లేచి, తలుపు పక్క కిటికీ దగ్గరికి వెళ్లింది. దాని ముందర అరల్లో ఈసారి పంటలో మొట్టమొదట పండిన తట్టలున్నాయి. వాటిని పక్కకు జరిపే వ్యవధి లేదు. గడియ మీద చెయ్యి వేసి ఒక్క క్షణం పురుగుల వైపు చూసింది. గురువమ్మ "అత్తా, ఆగు, నేను..." అనేలోపు రెక్కలు రెండూ తెరిచేసింది. తడిగాలి బుసకొడుతూ లోపలికి వచ్చింది. అత్త ఆకు కోసే కొడవలితో వల చర్రున చీల్చింది. గురువమ్మ చీలికలోంచి, ఊచల మధ్యనుంచి చెయ్యి బయటికి చాపింది.

బయట మసక వెలుతురు ఇంకా మిగిలే ఉంది. హనుమప్ప మెట్టు మీద పక్కకు ఒరిగి, గోడకు తల ఆనించుకుని ఉన్నాడు. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. నోరు తెరిచే ఉంది. కళ్లు తిప్పి కూతురు చేతిని చూశాడు. తర్వాత తెరిచిన రెక్కను చూశాడు. ఆ ముఖంలో భయం అప్పుడు కనిపించింది.

"కిటికీ ముయ్యండే," అన్నాడు, ఊపిరంతా కూడగట్టి. "పురుగు... పోతాది."

మునివెంకటమ్మ ఊచలకు నుదురు కొట్టుకుంది. "పురుగులు పోనీ అన్నా! తాళంచెవి ఇయ్యి!"

చెవి ఆయన కుడి పిడికిట్లో ఉంది. గురువమ్మ చేతికీ ఆ పిడికిలికీ మధ్య జానెడు దూరం. భుజం ఊచలకు ఒరుసుకుపోయేలా చాపింది. వేళ్ల కొసలు ఆయన చొక్కా చేతిని తాకాయి, అంతకు మించి అందలేదు. ఆయన చెయ్యి కొంచెం ఎత్తితే చాలు.

"నాయనా, చెయ్యి ఎత్తు. ఒక్కసారి ఎత్తు. నిన్ను ఆస్పత్రికి తీసుకపోతాను. మీటింగు మాట తర్వాత చూసుకొందాము."

హనుమప్ప తల అడ్డంగా ఊపాడు. "పది కానీమ్మా. పది అయినాక... ఇస్తా."

"పది దాకా నువ్వుండల్ల గదా నాయనా!"

ఆ మాటకు ఆయన కూతురి వైపు చూశాడు. తర్వాత పిడికిలిని మెల్లగా దగ్గరికి లాక్కుని, ఛాతీ కింద పెట్టుకుని, దాని మీదికి వంగిపోయాడు.